ఎండగోడ

రంగూనులో చలికాలమేమిటని నవ్వేవారుంటారు. నవ్వనీయండి. మార్గశిరం మొదలు మాఘం దాకా, ఇంకా తెల్లవారక ముందే బోటాటౌంగ్ రేవు వెనుక వీధిలో గబగబ నడిచిపోయే సూర్యావతి వెంట ఒక్కనాడు పన్నెండు గంటలు తిరిగి వచ్చి, ఆ తరువాత కూడా పెదవుల మీద నవ్వు మిగిలి ఉంటే అప్పుడు నవ్వవచ్చును.

ఆమె పోయేది రొయ్యల కార్ఖానాకు. ట్వంటే కాలువ మీదుగా పడవల్లో వచ్చే రొయ్యలను చిన్నా పెద్దా ఏరి, తలలు తుంచి, మంచునీళ్ళలో కడిగి, పెట్టెల్లో పేర్చి, పరదేశాలకు పోయే ఓడ వచ్చేదాకా గడ్డకట్టించి ఉంచే చోటు అది. ఆడవాళ్ళు నిలుచుండి ఏరే సావడిలో అయిదు డిగ్రీలు. దాని వెనుక ఇనుపతలుపుకు ఆవల ఉండే చలిగదిలో సున్నాకు ఇరవై డిగ్రీలు దిగువ. పొద్దుట ఆరింటికి లోపలికి పోయినవారు సాయంకాలం ఆరింటికి గాని వెలుపలికి రారు. శీతకాలంలో ఆ ఊళ్ళో సూర్యుడు ఆరున్నర దాటితే గాని లేవడు, ఆరు కాకుండానే దిగిపోతాడు. అందుచేత వారానికి ఆరు దినాలు సూర్యావతికి ఉదయమూ లేదు, సాయంకాలమూ లేదు. ఇంటికి చేరితే కరెంటుండదు. వీధిలో ఎవరి వాకిట్లోనో జనరేటరు రొద, మెట్ల మీద చీకటి, మూడవ అంతస్తులో కొవ్వొత్తి.

హేమంతాన్ని వర్ణించిన మహాకవులు పగళ్ళు కుంచించుకుపోయాయని ఎంత సొగసుగా చెప్పారు! నెగళ్ళు, కంబళ్ళు, అగరుధూపాలు, పచ్చిగడ్డి కొసల మంచుముత్యాలు. కాదనేవారెవరు? అయితే వారు చెప్పినది దేవుడు పెట్టిన చలి. దానికి విరుగుడు కూడా ఆ దేవుడే మరునాటి పొద్దుట తూర్పున పెడతాడు. మనిషికి మనిషి పెట్టే చలి వారి కావ్యాలలో లేదు.

సూర్యావతికి యాభై మూడేళ్ళు. తాత అరసవల్లికి రెండు క్రోసుల దూరపు పల్లె నుండి ఓడెక్కి వచ్చి ఈ రేవులోనే బియ్యపు బస్తాలు మోశాడు. ఆయన విడిచిపోయిన ఆస్తి అంటూ ఏమైనా ఉంటే అది రెండు ఆచారాలు: నిత్యమూ సూర్యునికి మూడు దోసిళ్ళ అర్ఘ్యం, ఏటేటా రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం గుచ్చి, చిక్కుడాకుల్లో పరమాన్నం నైవేద్యం. ఆమె బౌద్ధాశ్రమపు బడిలో నాలుగేళ్ళు చదివి బర్మా అక్షరాలు చక్కగా నేర్చింది. ఆ నాలుగేళ్ళ చదువే ఆమెను మిగిలిన ఆడవాళ్ళ నుండి కొంచెం ఎత్తున నిలబెట్టింది. పదకొండేళ్ళుగా కార్ఖానా పుస్తకం ఆమె చేతిలో ఉంది.

ఆ పుస్తకం సంగతి తెలియాలి. గంటగంటకూ ఆమె దూదికోటు తొడుక్కొని చలిగదిలోకి పోయి, గోడనున్న థర్మామీటరులో ఎర్రగీత ఎక్కడ నిలిచిందో చూచి, బయటికి వచ్చి వ్రాయాలి. నాలుగు గళ్ళు: వేళ, చోటు, డిగ్రీలు, మేనేజరు సంతకం. ఆ పుస్తకం సరిగా లేకపోతే సరుకు ఓడ ఎక్కదు. కొనే కంపెనీ తరఫున మూడు నెలలకొకసారి తనిఖీకి వచ్చేవారు తప్పక అడిగేది ఆ పుస్తకాన్నే. ఒకసారి యంత్రం ఆగిపోయి చలిగది వేడెక్కి సున్నాకు పదకొండు దిగువ దాకా వచ్చేసినప్పుడు సూర్యావతి పదకొండు అనే వ్రాసింది. అప్పటి మేనేజరు నీలకంఠం ముసలాయన తల పట్టుకున్నాడే గాని దిద్దమని అనలేదు. నాలుగు వందల పెట్టెల సరుకు మట్టిలో పూడ్పించాడు.

"ఒక్క అంకె మార్చేస్తే పోయీదానికి ఎంత నట్టం తెచ్చినావమ్మా!" అని ఇంటిదగ్గర మగడు వీరన్న అంటే ఆమె చెప్పిన జవాబు ఇది:

"అన్నీ సూసీవోడు ఆయనొక్కడే గదా. ఆ గదిలోకి ఆయన రాలేడు. మరి ఆయన బదులు సూడ్డానికి నన్ను నిలబెట్టినాడు. నాను కళ్ళు మూసుకుంటే ఎలాగ?"

సూర్యుని కర్మసాక్షి అన్నారు పెద్దలు. లోకుల మంచిచెడ్డలన్నీ చూచే కన్ను ఆయన. ఆ బిరుదును ఇంత నమ్మకంగా, ఇంత పనిభారంగా మోసిన మనిషి మరొకరుండరు.

ఇనుపతలుపు మీద ఎర్ర అక్షరాలతో ఒక నిబంధన అతికించి ఉండేది. చలిలో పనిచేసేవారు గంటకు పది నిమిషాలు వెచ్చని చోట విశ్రమించాలి. ఆ చోటు ఇరవై నాలుగు డిగ్రీలకు తగ్గరాదు. నీలకంఠం కాలంలో ఆ వెచ్చని చోటు ఏదో ఎవరికీ చెప్పనక్కరలేదు. సావడి వెనుక తలుపు తీస్తే చిన్న పెరడు, ఆ పెరట్లో దక్షిణానికి మొగం పెట్టిన పాత ఇటుకగోడ. శీతకాలపు సూర్యుడు దక్షిణపు వాలున నడుస్తాడు గనుక పొద్దు నాలుగు బారలెక్కినది మొదలు వాలేదాకా ఆ గోడ ఎండలోనే ఉండేది. ఆడవాళ్ళు దానికి వీపులు ఆన్చి, అరచేతులు ఇటుకలకు అదిమి, కళ్ళు మూసుకొని నిలుచుండేవారు. చలిగది నుండి అప్పుడే వచ్చినవారికి నడిమిచోటు. మిగిలినవారు అటూ ఇటూ జరగాలి. ఎవరు పెట్టారో తెలియని కట్టుబాటు అది. బర్మావాళ్ళు, తమిళులు, తెలుగువాళ్ళు, మహమ్మదీయులు ఆ గోడ దగ్గర ఒక్క వరుస. మాటలుండవు. అయిదారు నిమిషాలకు వేళ్ళలో సూదులు గుచ్చినట్టు ప్రాణం తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఎవరో ఒకరు "అబ్బ" అనేవారు. ఉదయసంధ్య దొరకని సూర్యావతి అక్కడే, మిట్టమధ్యాహ్నం, గోడ పక్క కుళాయి నీళ్ళతో మూడు దోసిళ్ళు విడిచేది.

సంజ్ఞాదేవి సూర్యుని వేడికి తాళలేక తన నీడను ఆయన దగ్గర విడిచి పారిపోయిందని పురాణం చెబుతుంది. ఈ ఆడవాళ్ళు పన్నెండు గంటల నీడకు తాళలేక పది నిమిషాలు ఆయన దగ్గరికి పారిపోయి వచ్చేవారు. అంతే వారు అడిగినది.

అది పోవడానికి కారణం సూర్యావతే. ఈ సంగతిని ఆమె ఎన్నడూ దాచలేదు.

ఇంట్లో ఎండ తగిలే కిటికీ లేక, రథసప్తమికి బజారు చిక్కుడు కొనడం మనసొప్పక, ఆమె కార్తికంలో ఒక నూనెడబ్బాలో మన్ను పోసి నాలుగు చిక్కుడుగింజలు నాటి ఆ గోడ మొదట పెట్టింది. తీగ సాగి గోడ మీది ఇనుపగొట్టానికి అల్లుకుంది. ఊదాపూలు పూసింది. అందరూ మురిసిపోయారు. పుష్యమాసంలో తనిఖీవారు పెరట్లోకి వచ్చేసరికి ఆ తీగ చివుళ్ళ నిండా నల్లని పేనుబంక. తినే సరుకు తయారయ్యే చోట మన్ను, పురుగు ఉండరాదని కాగితం మీద వ్రాసి, సరిదిద్దారో లేదో చూడడానికి మూడు వారాలలో మళ్ళీ వస్తామని చెప్పి పోయారు.

డబ్బా తీసి అవతల పారవేస్తే తీరిపోయే మాట అది. కాని నీలకంఠం అప్పటికి పని మానుకొని పోయాడు. ఆయన కుర్చీలో కృష్ణకుమార్ కూర్చున్నాడు. మనవాడే. అదే వీధివాడు. వాళ్ళ తాతా, సూర్యావతి తాతా ఒక్క ఓడలో వచ్చిన మనుషులు. మనవాడు మేనేజరు అవుతున్నాడని ఆడవాళ్ళు రామమందిరంలో కొబ్బరికాయ కూడా కొట్టారు. ఆ మనవాడు తీగ పీకించి, డబ్బా పారవేయించి, ఊరుకోక పెరటి తలుపుకు తాళం వేశాడు. మనుషులు బయటికి పోయివచ్చినప్పుడల్లా చెప్పుల కింద దుమ్ము వస్తుందట! సావడికీ చలిగదికీ నడుమ అట్టపెట్టెలు పెట్టుకునే కొట్టు ఒకటి ఉండేది. దానిలో రెండు బల్లలు వేయించి, గోడకు ఎర్రతీగల హీటరు తగిలించి, తలుపు మీద విశ్రాంతిగది అని పలక కొట్టించాడు. కిటికీ లేదు. ఒక గోడ చలిగదికి ఆనుకొని ఉంటుంది. ఊళ్ళో కరెంటు నాలుగు గంటలుంటే ఎనిమిది గంటలుండదు. జనరేటరు చలిగది కోసమే గాని హీటరు కోసం కాదు. రొయ్య చెడిపోరాదు. ఆడది చెడిపోతే మరొకతె గేటు దగ్గర నిలుచునే ఉంటుంది.

"నీ సిక్కుడుపాదు మా ఎండ మింగీసినాది అత్తా," అన్నది లక్ష్మీదుర్గ మొదటినాడే, ఆ కొట్టులో బల్ల మీద ముడుచుకు కూర్చుని. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. నోరు ఎప్పుడూ ఊరుకోదు.

"మింగింది తీగ కాదే, తాళంకప్ప."

"తాళంకప్పకి దారి సూపించినావు గదా. దేవుడికి నైవేద్యం పెడదామనుకున్నావు, మమ్మల్ని పెట్టీసినావు!"

పక్కనున్న బర్మా ఆవిడ, మా ఖిన్ అనే ఆమె, హీటరు వంక చూపి, బర్మాలో పెద్ద ఆడవాళ్ళ పేరుకు ముందు పెట్టే 'డా' చేర్చి తన భాషలో అన్నది: "డా సూర్యా, ఈ దేవుడికి కూడా నీళ్ళు పొయ్యి. వెలుగుతాడేమో."

అందరూ నవ్వారు. సూర్యావతి కూడా నవ్వింది. నవ్వినప్పుడు నోటి నుండి ఆవిరి వచ్చింది, ఆ వెచ్చని చోట.

పదవనాడు లక్ష్మీదుర్గ నోరు ఊరుకుంది. రొయ్యతల తుంచే చిన్నకత్తి ఆ పిల్ల ఎడమచేతి చూపుడువేలిలో ఎముక దాకా దిగింది. దిగినట్టు ఆ పిల్లకు తెలియలేదు. మంచుముక్కలు ఎర్రబడుతుంటే, "ఎవలిదే ఇది రగతం?" అని పక్కవాళ్ళను అడిగింది. ఆ ప్రశ్న విన్న తరువాత సూర్యావతికి మరి ఆ పూట అన్నం పోలేదు. తన నెత్తురు తనదని తెలియనంతగా ఒక పిల్ల చేతులను మొద్దుబార్చిన పని ఏ ధర్మశాస్త్రం ప్రకారం పని? కృష్ణకుమార్ పరుగెత్తుకు వచ్చాడు. వచ్చి, పిల్ల చేతిని కాదు, తట్టను చూశాడు.

"ఏ లాటుది ఈ ట్రే? పక్క ట్రేలకి తగిలిందా? అన్నీ తీసి పారెయ్యండి, ముందు అవి తియ్యండి!"

తట్టలు తీశారు. ఆ తరువాత వేలికి గుడ్డ కట్టారు.

ఆ గంటకు సూర్యావతి చలిగదిలోకి పోయి చూచి వచ్చి, సున్నాకు ఇరవై దిగువ అని వ్రాసింది. వ్రాసి, కలం మూయలేదు. చలిగది కోసం ఉంచిన రెండవ థర్మామీటరు తీసుకొని కొట్టులోకి పోయి పది నిమిషాలు కూర్చుంది. వచ్చి కింది వరుసలో వ్రాసింది: చోటు, విశ్రాంతిగది. డిగ్రీలు, పదహారు.

ఆనాటి నుండి గంటకు రెండు వరుసలు. పదహారు, పదిహేను, పదహారు, పదిహేడు. కరెంటున్న రోజున ఒకసారి ఇరవై ఒకటి. కృష్ణకుమార్ గంటకొకసారి సంతకాల గడి కిందికి గీత గీసుకుంటూ పోయే మనిషి. ఏమి వ్రాసి ఉందో చూడడు. తొమ్మిది రోజులు అలా పోయిన తరువాత, రేపు తనిఖీ అనగా చూశాడు. పిలిపించాడు.

"పిన్నీ, ఏటిది?"

"ఏది బాబూ?"

"ఈ రెస్ట్‌రూం లైన్లు. నిన్నెవులు రాయమన్నారు?"

"తలుపు మీద రాసున్నాది గదా, ఇరవై నాలుక్కి తగ్గకూడదని. తగ్గిందో లేదో సూసి రాసినాను."

"అది కోల్డ్‌రూం బుక్కు పిన్నీ! రేపు ఆవిడొచ్చి ఇది సూసిందంటే ఆర్డరు క్యాన్సిల్. అప్పుడు నీకూ లేదు, నాకూ లేదు. ఇదిగో కొత్త బుక్కు. పాతది సూసి ఇందులోకి ఎక్కించీ. కోల్డ్‌రూం ఎలాగున్నాదో అలాగే. రెస్ట్‌రూం అంతా ఇరవై ఆరు."

"ఇరవై ఆరు ఎక్కడున్నాది?"

"నీ పెన్నులో ఉన్నాది. నువ్వు రాస్తే ఉంటాది."

"నాను రాయను."

కృష్ణకుమార్ గొంతు తగ్గించాడు. "సిన్నప్పుడు నన్నెత్తుకున్నావు. నా మాట ఇనవా? రేపు పదిన్నరకల్లా ఇరవై ఆరు కనపడకపోతే ఎల్లుండి నుంచి బుక్కు ఇంకొకలు రాస్తారు. నువ్వు గేటు బయట ఎండలో ఎంతసేపైనా నిలబడొచ్చు. బాగుంటాది నీకు!"

ఆ చివరి మాటకు అతడే నవ్వుకున్నాడు.

ఆ సాయంకాలం వీరన్న కొవ్వొత్తి వెలుగులో బొగ్గులకుంపటి మీద నీళ్ళు కాచి, వెల్లుల్లి వేసిన ఆవనూనెతో ఆమె చేతులు రుద్దాడు. రేవులో ముప్ఫై ఏళ్ళు బస్తాలెత్తి మోకాళ్ళు పోగొట్టుకున్న మనిషి. చేతులలో మాత్రం బలం పోలేదు. ఆమె అంతా చెప్పింది.

"నువ్వు రాయవు," అన్నాడు వీరన్న. "నాకు తెలుసు. కృష్ణకుమార్‌కీ తెలుసు. మరింక ఏడుపెందుకు?"

"ఏడుపు కాదిది, కోపం. ఆడికి ఎండ ఏం సేసింది? తాళం ఎందుకెయ్యాలి? పైసా ఖర్చు లేదు, కరెంటు అక్కర్లేదు. ఊరికినే వత్తాది, ఊరికినే పోతాది. దాన్ని కూడా కట్టీసి ఉంచాలా?"

"రేపు సప్తమి."

"తెలుసు."

"జిల్లేడాకులు తెచ్చినాను. పగోడా ఎనకాల దొరికినాయి. రైలుపట్టాల పక్కనున్న మొక్కని కుక్క కాపలా కాత్తున్నాది, దానికో నమస్కారం పెట్టి వచ్చీసినాను."

ఆమె నవ్వలేదు. కాని చేతులు ఆయన చేతులలోనే ఉంచింది.

రథసప్తమినాడు శిరస్సున ఏడు జిల్లేడాకులు ఉంచుకొని అరుణోదయాన స్నానం చేయాలి. ఏడు జన్మల పాపం పోతుందని శాస్త్రం. సూర్యావతి నాలుగున్నరకే చేసింది, అరుణుడు రథం పగ్గాలు పట్టకముందే. మంత్రం చెప్పుకుంది. తలమీది ఆకుల నుండి నీళ్ళు చన్నీళ్ళై వెన్ను మీదికి జారాయి. తూర్పు కిటికీ అవతల ఎదురింటి గోడ. రథమూ లేదు, చిక్కుడాకూ లేదు. పరమాన్నం గిన్నెను తడిగుడ్డలో కట్టి వెంట తీసుకుపోయింది.

పది దాటిన తరువాత కృష్ణకుమార్ ఏరే బల్ల దగ్గరికి స్వయంగా వచ్చాడు. చేతిలో విశ్రాంతిగది థర్మామీటరు, రెండవ చేతిలో తాళంచెవి.

"పిన్నీ, నువ్వు అబద్దం రాయవు గదా? సరే, రాయొద్దు. పాత లైన్లకి హీటరు పాడైనాది, ఇప్పుడు బాగైనాదని నాను సెప్పుకుంటాను. కళ్ళతో సూసిందే రాయి. రా నాతోటి. బుక్కు కూడా తే."

పెరటి తలుపు తీశాడు.

పందొమ్మిది దినాల తరువాత ఆ పెరట్లో సూర్యావతి మొగం మీద ఎండ పడింది. ఏ ప్రకటనా లేకుండా, ఏ సంజాయిషీ అడగకుండా, నిన్నటి దాకా ఇక్కడే ఉన్నవాడి వలె ఆయన అక్కడ ఉన్నాడు. ఆమె కళ్ళు మూసుకుంది. మూసిన రెప్పల వెనుక ఎర్రగా వెలిగింది. తనకు ఏడుపు వస్తుందనుకున్నది, రాలేదు. కోపమే ఇంకా పైకి లేచింది. ఇది, ఇంతసేపూ, ఈ తలుపుకు అవతల, ఎవరికీ కాకుండా, ఖాళీ గోడ మీద పడుతూ ఉందా!

కృష్ణకుమార్ ఆలోచన మహా తేలిక. థర్మామీటరును ఎండలో కాసేపు ఆన్చి, ఇరవై ఆరుకు రాగానే తీసుకుపోయి కొట్టులో తగిలించి, అది దిగిపోకముందే ఆమె చేత చదివించి వ్రాయించాలి. కాని గోడకు ఆన్చాడో లేదో జేబులో ఫోను మోగింది. తనిఖీ కారు గేటు దగ్గరికి వచ్చేసిందట. "ఎస్ మేడమ్, ఎస్ మేడమ్" అంటూ అతడు మూలకు పోయాడు. తిరిగి వచ్చేసరికి ఎర్రగీత ముప్ఫై ఆరు దగ్గర నిలిచి ఉంది.

ఇరవై ఆరు అడిగితే దేవుడు ముప్ఫై ఆరు ఇచ్చాడు.

"సరేలే, ఎక్కువైతే ఏటి? హీటరు బాగా పనిచేస్తందనుకుంటాది," అన్నాడు కంగారుగా. "లోపలికెళ్ళే టైం లేదు. సూసినావు గదా కళ్ళతో? రాసీ. తొరగా!"

సూర్యావతి గోడకు పుస్తకం ఆన్చి వ్రాసింది. వేళ, పది గంటల నలభై అయిదు. చోటు, దక్షిణపు గోడ. డిగ్రీలు, ముప్ఫై ఆరు. కృష్ణకుమార్ మూడవ గడి చూశాడు, నాలుగవ గడిలో గీత గీశాడు. రెండవ గడి చూడలేదు. తొమ్మిది రోజులుగా ఆ గడిలో ఉన్న మాటే ఉంటుందనుకున్నాడు. తలుపు మూసి తాళం వేసి గేటుకు పరుగెత్తాడు.

తనిఖీకి వచ్చినావిడ నడివయసు మనిషి, పొట్టి జుట్టు, చలికి ముక్కు ఎర్రబడి ఉంది. వెంట దుబాసీ. చలిగది చూచి వచ్చి, పుస్తకాన్ని నిలుచుండే చదివింది. పుట పుటకూ వేలు పెట్టి దిగుతూ వచ్చింది. పదహారుల దగ్గర ఆగి పెదవి కొరికింది. చివరి వరుస దగ్గర పూర్తిగా ఆగింది. దుబాసీ బర్మా భాషలో అడిగాడు.

"ఈ దక్షిణపు గోడ ఎక్కడ?"

కృష్ణకుమార్ పుస్తకం మీదికి వంగాడు. ఆ మాట తన సంతకం పక్కనే ఉంది. చెవులు ఎర్రబడ్డాయి.

"అది... ఆవిడ పొరపాటున వ్రాసింది. పెద్దావిడ."

దుబాసీ ఆ మాట చేరవేశాడు. వచ్చినావిడ చాలా మెల్లగా ఏదో అన్నది. దుబాసీ గొంతులో అది ఇంకా మెల్లగా వినిపించింది: "ఈ వరుస పొరపాటైతే పై వరుసలూ పొరపాటు కావచ్చునని మేడమ్ అంటున్నారు. అప్పుడు చలిగది లెక్కలనూ నమ్మడం కష్టం. సంతకం మీదే కదా అంటున్నారు."

సావడిలో కత్తుల చప్పుడు ఆగింది. సూర్యావతి చేతులు కట్టుకొని నిలుచుంది. ఆమెకు తెలుసు, ఆ క్షణాన ఉద్యోగం ఒక నూలుపోగు మీద వేలాడుతోందని. అయినా తల దించలేదు.

"పొరపాటు కాదు," అన్నాడు కృష్ణకుమార్ చివరికి. "గోడ ఉంది. వెనుక. అది కూడా... వెచ్చని చోటే."

"చూపించండి."

తలుపు మరల తెరుచుకుంది. వచ్చినావిడ గోడ దగ్గరికి పోయి, చేయి చాచి ఇటుకల మీద పెట్టింది. తీయలేదు, కొంతసేపు. ఆమె కూడా అరగంట చలిగదిలో తిరిగి వచ్చిన మనిషే.

"పనివాళ్ళు ఇక్కడికి వస్తున్నారా?"

కృష్ణకుమార్ నోరు తెరిచేలోగా సూర్యావతి బర్మా మాటలలో చెప్పింది. "వచ్చేవాళ్ళం. పందొమ్మిది రోజులుగా తాళం ఉంది. నా చిక్కుడుపాదుకు పురుగు పట్టింది. పాదు నాది, తప్పు నాది. తాళం నాది కాదు."

దుబాసీ ఒక్క ముక్క విడవకుండా చెప్పాడు. వచ్చినావిడ కాగితం మీద రెండు పంక్తులు వ్రాసి కృష్ణకుమార్ చేతికిచ్చింది. పని జరిగినంతసేపూ పెరటి తలుపు తెరిచి ఉండాలి. పుస్తకంలో రెండవ వరుస ఇక మీదట ఎప్పుడూ ఉండాలి, చోటు పేరుతో సహా.

ముందు మా ఖిన్ వచ్చింది. ఆ వెనుక ఇద్దరు, అయిదుగురు, పదిమంది. వేలికి కట్టు ఉన్న లక్ష్మీదుర్గకు అందరూ జరిగి నడిమిచోటు ఇచ్చారు. ఆ పిల్ల కట్టు విప్పకుండానే చేయి ఇటుకలకు అదిమింది. కొంతసేపటికి, "అబ్బ, నొప్పెడతన్నాదే అత్తా!" అని అరిచింది.

"పెట్టనీ. పెట్టాల," అన్నది సూర్యావతి.

తనిఖీ కారు పోయిన తరువాత కృష్ణకుమార్ ఆమె పక్కకు వచ్చి నిలుచున్నాడు. గొంతులో నిజంగానే బాధ ఉన్నట్టు ఉంది.

"ఇంత సెయ్యాలా పిన్నీ? నలుగురిలో నా పరువు తీసినావు. నన్నడిగితే నాను ఇవ్వనా?"

సూర్యావతి అతని వంక తిరిగింది. పదకొండేళ్ళలో ఆ ఆవరణలో ఆమె గొంతు అంత పైకి లేచినది అదే మొదలు.

"ఏటిస్తావు? ఎండిస్తావా? నీదా అది ఇవ్వడానికి? మీ తాత మోసిన బస్తాలోనున్నాదా, మా తాత మోసిన బస్తాలోనున్నాదా? ఆ పిల్ల తన రగతం సూసి ఎవలిదని అడిగినప్పుడు నువ్వేటి సూసినావు? తట్ట సూసినావు! నాను అడగాలా నిన్ను? దేన్నడగాలి? పోయి ఆ హీటరు ముందర నిలబడు, అదే ఇత్తాది నీకు పరువు!"

అతడు తాళంచెవి జేబులో వేసుకొని వెళ్ళిపోయాడు. ఎండ దొరికింది గనుక కోపం చల్లారుతుందని ఎవరైనా అనుకుంటే వారికి సూర్యావతి తెలియదు. తనది తనకు తిరిగి రావడానికి ఇంత ఉపాయం కావలసి వచ్చినందుకే ఆమె కడుపు మండుతోంది. నిజం చెప్పినదానికి దక్కవలసినది, ఒకడి తొందరపాటు వల్ల దక్కింది. ఆ తేడా ఆమెకు తెలుసు.

గోడ మొదట నూనెడబ్బా ఉన్నచోట సిమెంటు మీద గుండ్రంగా తుప్పు మరక మిగిలి ఉంది. తీగ అల్లుకున్న ఇనుపగొట్టానికి ఎండిన కాడ ఒకటి చుట్టుకొని ఉంది, ఆకు లేకుండా. ఆమె గిన్నె మూత తీసి ఆ మరక నడుమ పెట్టింది. కుళాయి విప్పింది. సప్తమి మధ్యాహ్నం, తలెత్తి, మూడు దోసిళ్ళు.

"అత్తా, పరమాన్నం దేవుడికేనా, మాకు కూడానా?" అని లక్ష్మీదుర్గ గోడ దగ్గర నుండి అడిగింది.

"ఆకుల్లేవు. చేతులు పట్టండి."

పట్టారు. బెల్లపుటన్నం అప్పటికి చల్లారి ముద్దకట్టి ఉంది. అరచేతులలో ఎండ తగిలి కాస్త మెత్తబడింది. గడియారం పన్నెండు కొట్టింది. సూర్యావతి చేయి కడుక్కొని, దూదికోటు తొడుక్కొని, పుస్తకం చంకన పెట్టుకొని ఇనుపతలుపు వైపు నడిచింది. పోతూ పోతూ పెరటి తలుపు గాలికి మూసుకోకుండా దానికి ఒక ఇటుకరాయి అడ్డం పెట్టింది.